ధార్వాడ వాళ్లు వదిలి వెళ్లిన పాక

రాజమండ్రిలో తెలుగు నాటకం మొదలైన చోటు ఏదని అడిగితే తలా ఒక దిక్కు చూపిస్తారు. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగుతున్న పెద్దాయన దేవీచౌక్ వైపు తల తిప్పాడు. "నాటకం అంటే దసరాకి అక్కడే కదండీ. తెల్లారేదాకా చూసేవాళ్లం." ఆటో అబ్బాయికి ఆనం కళాకేంద్రం తెలుసు. గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకం ముందు కూర్చున్న ఒక మాష్టారు మాత్రం కళ్లద్దాలు తీసి, "ముందు టౌన్‌హాలు చూడండి బాబూ. పంతులుగారు కట్టించింది" అన్నారు. ఈ ఊళ్లో పంతులుగారు అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ముగ్గురి మాటా నిజమే. నాటకం ఈ ఊళ్లో ఒక చోట పుట్టి, ఇంకో చోట పెరిగి, మరో చోట రాత్రుళ్లు మేలుకుంది.

నేను వచ్చింది టౌన్‌హాలు కోసం. 1890లో కందుకూరి వీరేశలింగం పంతులు సొంత డబ్బుతో కట్టించి ఊరికి ఇచ్చిన పురమందిరం అది. తెలుగు పట్టణాల్లో జనం కూడి మాట్లాడుకోవడానికి, వినడానికి, చూడడానికి ఒక పక్కా కట్టడం ఉండాలన్న ఆలోచనకు అదొక తొలి రూపం. అయితే ఆ హాలు కథ హాలుతో మొదలవదు. దానికి పదేళ్ల ముందు ఇదే ఊళ్లో వేసిన ఒక పాకతో మొదలవుతుంది.

1880లో ధార్వాడ నుంచి ఒక నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చింది. పాక వేసుకుని హిందీ నాటకాలు ఆడింది. భాష అర్థమైనవాళ్లు, కానివాళ్లు అందరూ వెళ్లి చూశారు. అప్పటివరకు గోదావరి జనానికి తెలిసిన ఆటలు వేరు: భాగవతులు, వీధి నాటకాలు, తోలుబొమ్మలు. చుట్టూ జనం, మధ్యలో వేషం, రెండు కాగడాల వెలుగు. ధార్వాడ వాళ్లు తెచ్చింది ఇంకొకటి. ఎత్తు మీద అరుగు, ముందు తెర, వెనక బొమ్మలు గీసిన పరదాలు, పక్కల నుంచి వచ్చిపోయే పాత్రలు. తెర లేవగానే అవతల ఇంకో ఊరు, ఇంకో కాలం. కొన్నాళ్లు ఆడి వాళ్లు వెళ్లిపోయారు. పాక మిగిలింది.

ఆ మిగిలిన పాకను చూసి ఊరుకోలేకపోయినవాడు వీరేశలింగం. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. బడిలో తెలుగు చెబుతూ, 'వివేకవర్ధని' నడుపుతూ, ఊళ్లో లంచగొండులతోనూ పెద్దమనుషులతోనూ కలంతో పోరాడుతున్న రోజులు. తన దగ్గర చదివే కుర్రాళ్లను పోగుచేసి ఆ పాకలోనే తెలుగు నాటకం ఆడించాడు. షేక్స్‌పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు తాను చేసిన తెలుగు రూపం 'చమత్కార రత్నావళి', శ్రీహర్షుడి సంస్కృతానికి తెలుగు 'రత్నావళి' ఆ కాలానివే. అదే ఏడాది ప్రదర్శించిన 'వ్యవహార ధర్మబోధిని'ని మన నాటక చరిత్రలు తెలుగులో రంగం ఎక్కిన మొదటి నాటకంగా చెబుతాయి. జనం దానికి పెట్టుకున్న పేరు ప్లీడరు నాటకం. కోర్టు పక్షులూ వకీళ్లూ కక్షిదారులను ఎలా పిండుకుంటారో, ఎవరి నోటి మాట వాళ్ల నోటే పలికించి చూపిన నాటకం అది. కోర్టులున్న ఊళ్లో, ఆ వకీళ్ల ఎదుటే ఆడడానికి ఎంత గుండె కావాలి!

తెలుగులో నాటక రచన అంతకు ముందే ఉంది. కోనసీమ మనిషి కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలోనే 'మంజరీ మధుకరీయం' రాశాడు. కానీ అది కాగితం మీద ఉండిపోయింది. రాసినది నాటకం కావాలంటే ఒక చోటు కావాలి. నిలబడే మనిషికి ఎత్తు, చూసే మనిషికి నీడ. ఆ చోటు మనకు పరాయి ఊరివాళ్లు వదిలి వెళ్లిన తాటాకుల కింద దొరికింది. వీరేశలింగం పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఆ పాకను కూడా తలుచుకుంటే బాగుంటుంది.

పాక అంటే చిన్నచూపు అక్కర్లేదు. షేక్స్‌పియర్ సొంత నాటకశాల గ్లోబ్‌కు కూడా గడ్డి కప్పే ఉండేది. 1613లో 'ఎనిమిదో హెన్రీ' ఆడుతూ చప్పుడు కోసం ఫిరంగి పేలిస్తే నిప్పురవ్వ కప్పు మీద పడి మొత్తం కాలిపోయింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున దాన్ని మళ్లీ కట్టాలని సామ్ వానమేకర్ అనే అమెరికా నటుడు దశాబ్దాలు తిరిగాడు; 1993లో పోయాడు, 1997లో నాటకశాల తెరిచారు. 1666 నాటి పెద్ద అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డి కప్పుకు అనుమతి దొరికిన మొదటి కట్టడం అదే. అక్కడివాళ్లు ఒక పాక కోసం అంత కష్టపడ్డారు. ఆ షేక్స్‌పియర్ నాటకాన్నే తెలుగు చేసి ఆడిన మన పాక ఏ వీధిలో ఉండేదో తెలిపే పలక ఒకటి ఊళ్లో ఉంటే, చదువుకునే పిల్లలను దాని ముందు నిలబెట్టి ఈ కథ చెప్పొచ్చు.

పాక నుంచి హాలుకు పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లలో వీరేశలింగం చేసిన పనులు చూస్తే హాలు ఎందుకు కట్టాడో తెలుస్తుంది. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు సగం ఆయన మీదికి వచ్చింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మి తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసింది. 1887లో బ్రహ్మసమాజ మందిరం వచ్చింది. నలుగురు కూడడానికి గుడి ప్రాంగణం దొరకదు, పెద్దమనిషి లోగిలి దొరకదు. కులం అడగని, ఇంటిపేరు అడగని ఒక కప్పు కావాలి. పురమందిరం అలా వచ్చింది. దాన్ని ఉపన్యాసాల కోసం కట్టిన హాలుగానే చూడడం నాకు అసంపూర్తిగా అనిపిస్తుంది. ఆయన దృష్టిలో ఉపన్యాసానికీ నాటకానికీ పెద్ద తేడా లేదు. రెండూ ఊరిని ఒక చోట కూర్చోబెట్టి దాని ముఖం దానికి చూపించే పనులే.

ఇవాళ టౌన్‌హాలు ముందు నిలబడ్డవాడికి ఆ 1890 కనిపించదు. నూటముప్పై ఏళ్లకు పైబడిన కాలం మధ్యలో ఉంది. చుట్టూ దుకాణాలు, బళ్లు, హారన్లు. వీరేశలింగం చూసిన వీధి ఇది కాదు. అయినా ఆగి చూడాలి. ఊరి నడుమ ఒక మనిషి తన జేబు ఖాళీ చేసి పదిమందికి ఇచ్చిన చోటు ఇది. ఆ తర్వాత ఉన్న ఆస్తి అంతా తాను పెట్టిన హితకారిణీ సమాజానికి రాసి ఇచ్చేశాడు.

అదే దారిన వంకాయలవారి వీధికి వెళ్లాను, ఆయన పుట్టిన ఇంటికి. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఇల్లు. ఆనందోద్యానం అనే తోటలో దంపతుల సమాధులు ఉన్నాయి. ఇల్లు, తోట, బడి, హాలు: ఒకే మనిషి అడుగులు కొద్ది దూరంలో ఇన్ని ఉన్న ఊరు తెలుగునేలలో నాకు ఇంకొకటి తెలియదు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళకు నడిచి పూర్తి చేయొచ్చు. రాజమండ్రి వచ్చేవాళ్లు పుష్కర ఘాట్‌లో దండం పెట్టుకుని, పాపికొండల లాంచీ ఎక్కి వెళ్లిపోతారు. ఈ నడకకు ఒక పూట ఇచ్చిచూడండి.

ఇన్నీసుపేటలో ఒక పాత మేడకు మరమ్మతు జరుగుతుంటే ఆగాను. తాపీ మేస్త్రీ అరవై దాటినవాడు. గోడ పెచ్చు ఒకటి ఊడదీసి చేతిలో పెట్టాడు. పైన రెండంగుళాల సిమెంటు, వెనక తెల్లటి సున్నం పొడిలా రాలుతోంది.

"ఇదిగోనండి, దీని జబ్బు ఇదే. సున్నం గోడ ఊపిరి తీసుకుంటదండి. వానాకాలం తేమ పీల్చుద్ది, ఎండాకాలం వదిలేస్తది. మీద సిమెంటు కొట్టారనుకోండి, తేమ లోపలే ఉండిపోద్ది. ఉప్పు పట్టి గోడంతా తినేస్తది."

"మరి ఏం చేయాలి మేస్త్రీగారూ?"

"మళ్లీ సున్నమే కొట్టాలండి. ఓపిక కావాలి. గుల్ల సున్నం నానబెట్టాలి, ఇసక కలిపి గానుగలో రుబ్బాలి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పొయ్యాలి. మా నాన్నకి చేతనయ్యేది. నాకు కొంచెం వచ్చు. మా అబ్బాయికి రాదు."

పాత కట్టడాల గురించి నేను చదివిన పుస్తకాలు చెప్పే మాట ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. గోదావరి ఒడ్డున గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. వరదా తుపానూ ఈ నేలకు చుట్టాలు. ఇలాంటి చోట వందేళ్ల కింద కట్టిన ఇటుక గోడకు సున్నమే రక్ష. కప్పు సంగతి కూడా అంతే. టేకు దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మద్రాసు డాబా. లేదా దూలాల మీద బెంగుళూరు పెంకు. రెంటికీ బరువు లెక్క వేరు. పెంకు దించి కాంక్రీటు స్లాబు పోస్తే పాత గోడ మోయాల్సిన బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోడ పగులు ఇచ్చాక "పాతదైపోయింది, పడగొడదాం" అంటారు. దాన్ని పాతబడేలా చేసింది మన మరమ్మతే అని ఎవరూ ఒప్పుకోరు.

నాటకశాలకు ఇంకో లెక్క ఉంది, అది చెవికి సంబంధించింది. మైకు లేని రోజుల్లో పద్యం చివరి వరుస దాకా వెళ్లాలి. నటుడి గొంతు ఒక్కటే సరిపోదు, హాలు కూడా సాయం పట్టాలి. ఎత్తైన కర్ర కప్పు, సున్నపు గోడ, కిక్కిరిసిన జనం కలిసి ఆ రాగాన్ని కాస్త సేపు నిలబెడతాయి. మరీ ఎక్కువ సేపు నిలిస్తే తర్వాతి మాట దాని మీద పడి చెదిరిపోతుంది. మాటల నాటకానికి ప్రతిధ్వని ఒక సెకను దగ్గర ఆగాలి. సంగీతానికి అంతకంటే ఎక్కువ కావాలి. పద్యనాటకం ఈ రెంటి మధ్యా నడుస్తుంది, కాబట్టి దానికి పనికొచ్చే హాలు అరుదైన వస్తువు. ఏసీ కోసం తక్కువ ఎత్తులో తెల్ల పలకల సీలింగు వేసి, గోడలకు గ్రానైటు పరిచిన "ఆధునికీకరణ"లు మన రాష్ట్రంలో చాలా చూశాను. కూర్చోవడానికి హాయిగా ఉంటాయి. రాగం మాత్రం గాలిలో నిలవదు, మాట రాయికి కొట్టుకుని రెండుగా వినిపిస్తుంది.

గౌతమీ గ్రంథాలయంలో ఒక సాయంత్రం గడిపాను. దీని మొదలు కూడా నాటకం మనిషి పేరుతోనే: 1898లో నాళం కృష్ణారావు పెట్టిన వసురాయ గ్రంథాలయం. వసురాయకవి అంటే వడ్డాది సుబ్బారాయుడు, భట్టనారాయణుడి 'వేణీసంహారం'ను తెలుగు చేసినవాడు. వీరేశలింగం తర్వాత ఈ ఊళ్లో నాటకాన్ని పద్యం వైపు లాగినవాళ్లలో ఆయన ముందువరుస. ఇక్కడ కూర్చుంటే పాక తర్వాతి కథ తెలుస్తుంది. ఆ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి చిలకమర్తి లక్ష్మీనరసింహం.

1867లో ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తికి చూపు చిన్నప్పటి నుంచే మందం. రేచీకటి. చీకటి పడితే దారి కనబడని కుర్రాడు, చీకటి పడ్డాకే మొదలయ్యే నాటకానికి రచయిత అయ్యాడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడి సమాజానికి నాటకం కావాల్సి వచ్చి 1889లో 'కీచకవధ' రాశాడు. వెంటనే 'గయోపాఖ్యానం'. ఆకాశంలో వెళ్తున్న గయుడనే గంధర్వుడు ఉమ్మితే అది కృష్ణుడి దోసిట్లో పడుతుంది. కృష్ణుడు చంపుతానని ప్రతిజ్ఞ పడతాడు. అర్జునుడు తెలియక అభయం ఇస్తాడు. చివరికి బావా బావమరుదులు ఎదురెదురుగా నిలబడతారు. ఆ కథలో అర్జునుడి వేషం కట్టిన యువకుడు టంగుటూరి ప్రకాశం. ఒంగోలు నుంచి నాయుడుగారు వెంట తెచ్చిన పేద శిష్యుడు. ఆడవేషాలు కూడా వేసేవాడు. తర్వాత ఇదే రాజమండ్రికి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. నాటకం ఆయనకు నేర్పిన ధైర్యం ఎంతో ఆయన ఆత్మకథ 'నా జీవితయాత్ర' చదివినవాళ్లకు తెలుసు. 'గయోపాఖ్యానం' పుస్తకం లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. నవల కాదు, నాటకం పుస్తకం! ఊరూరా దాన్ని ఆడుకున్నారు కాబట్టి ఊరూరా కొన్నారు.

ఆడుకోవడానికి తీరిక ఎక్కడిది? దానికి జవాబు ఊరి దిగువన, ధవళేశ్వరంలో ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట. కరవూ వరదా తప్ప ఎరగని డెల్టాకు ఏటా నమ్మకమైన పంట వచ్చింది. కోతలయ్యాక చేతిలో నాలుగు డబ్బులు, రాత్రుళ్లు ఖాళీ. కాలవలు నీళ్లే కాదు మనుషులనూ మోశాయి. రోడ్లు సరిగా లేని రోజుల్లో డెల్టాలో ప్రయాణమంతా పడవల మీదే. ఈ నేల నాటకానికి ఎందుకు అంత ప్రేమగా అన్నం పెట్టిందంటే, ఆ అన్నం దానికి కొత్తగా దొరికింది కాబట్టి అనుకుంటాను.

కాకినాడకు ఆ కాలవల దారినే వెళ్లాను, ధవళేశ్వరం, కడియం, రామచంద్రపురం, కరప మీదుగా. రెండువైపులా కొబ్బరి, మధ్యలో వరి, ప్రతి ఊరి మొగలో ఒక మూతపడ్డ సినిమా హాలు. ఆ హాళ్లను చూస్తుంటే కడుపులో కలుక్కుమంటుంది. అవి నాటకాన్ని మింగాయని మా పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. నిజంగా జరిగింది అంత సూటిగా లేదు. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టాడు. ఆంధ్రదేశంలో మొదటి సినిమా స్టూడియో అది. అక్కడ తీసింది 'సంపూర్ణ రామాయణం'. కాకినాడ మనిషి చిత్తజల్లు పుల్లయ్య 1934లో 'లవకుశ' తీశాడు, 1939లో 'వరవిక్రయం' తీశాడు. రెండోది కాళ్లకూరి నారాయణరావు నాటకం. వరకట్నం మీద అంత పదునుగా రాసిన కాళ్లకూరిది భీమవరం దగ్గర మత్స్యపురి. భానుమతికి అదే మొదటి సినిమా. అంటే మొదట్లో సినిమా నాటకం వేలు పట్టుకునే నడిచింది. కథలు నాటకానివి, పద్యాలు నాటకానివి, మనుషులు నాటకంవాళ్లు. వేలు వదిలేశాక వెనక్కి చూడలేదు. ఇప్పుడు ఆ హాళ్లు కూడా కల్యాణ మండపాలు, గోడౌన్లు అయిపోతున్నాయి.

కాకినాడలో నా కోసం ఒక పాత హార్మోనిస్టు కాచుకుని ఉన్నారు. నాకు బాబాయి వరస. డెబ్బై ఏళ్లు దాటాయి. వేళ్లు వంగాయి గానీ మెట్ల మీద పెడితే ఇంకా పరిగెడతాయి. "రారా అబ్బాయ్, ముందు భోంచేయి, తర్వాత నీ హాళ్లు చూద్దువుగాని" అన్నారు. భోజనం దగ్గరే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ కథ ఎత్తారు. ఆ పేరు కాకినాడవాళ్లు ఇప్పటికీ గర్వంగా పలుకుతారు. రావులపాడు నుంచి వచ్చిన రేలంగి అక్కడ చిన్నతనంలో ఆడవేషం కట్టాడు. ఎస్.వి. రంగారావు అక్కడ ఆడాడు. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి, సంగీతం చేసిన ఆదినారాయణరావు అక్కడివాళ్లే. "మద్రాసు సినిమాలోకి ఇక్కణ్నించి ఒక రైలు పెట్టెడు మందిని పంపాం" అని బాబాయి లెక్క. ఆయన అంతటితో ఆగరు. "వాళ్లు వెళ్లారు సరే. వెళ్లనివాళ్లు వాళ్లకంటే గొప్పగా పాడేవారు. వాళ్ల పేరు ఏ సినిమాలోనూ పడలేదు. అందుకే నీలాంటివాడు వచ్చి అడగాలి."

హార్మోనియం ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆయన చాలాసేపు చెప్పారు. రంగస్థలానికి ఎడమ పక్క, తెర ముందు, నటుడి పెదవులు కనిపించేలా. పద్యం ఎత్తుకునేముందు నటుడు శ్వాస తీసే తీరు చూసి శ్రుతి అందించాలి. "కొత్త హాళ్లలో మమ్మల్ని గోతిలోనో పక్క గదిలోనో కూర్చోబెడతారు. మైకు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఎక్కడ ఎత్తుకుంటాడో ఎలా తెలుస్తుంది?" రంగస్థలం పైన ఎత్తు ఉండాలట, పరదా నిటారుగా పైకి లేచిపోవాలి, కప్పీల మీద తాళ్లు తిరగాలి. ఇప్పుడు కట్టేవాటిలో పైన చోటు లేక తెరను పక్కలకు లాగుతారు. వైకుంఠం నుంచి ద్వారకకు క్షణంలో మారాల్సిన దృశ్యం చీకట్లో బల్లలు జరిపే చప్పుడుతో మారుతుంది. సురభివాళ్లు మాత్రం తమ నాటకశాలను తామే మూటకట్టుకుని తిరుగుతారు కాబట్టి ఈ బాధ లేదన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు ఇప్పటికీ పాత పద్ధతి తెరలు, తీగలు, మంటలతో ఆడుతున్నాయి.

పాత నాటకశాలలను బాగుచేసిన ఊళ్ల సంగతి బాబాయికి నేను చెప్పాను. కలకత్తాలో స్టార్ థియేటర్ 1888 నుంచి హాతీబగాన్‌లో ఉంది. 1991లో కాలిపోయింది. నగరపాలక సంస్థ 2004లో మళ్లీ తెరిచింది: ముఖం పాతది, లోపల కొత్తది. ఆ తర్వాత అక్కడ సినిమాలు కూడా వేశారు. బొంబాయిలో రాయల్ ఒపేరా హౌస్ 1911లో ఐదో జార్జి తెరిచినది. సినిమా హాలై, 1993లో మూతపడింది. ఆభా నారాయణ్ లాంబా అనే వాస్తుశిల్పి దాన్ని ఏళ్ల తరబడి ఓపికగా బాగుచేయించింది. 2016లో తెరిచారు, మరుసటి ఏడాది యునెస్కో పురస్కారం వచ్చింది.

"మనకి ఏది కావాలి?" అన్నారు బాబాయి.

రెండూ పూర్తిగా కాదన్నాను. రాజమండ్రి టౌన్‌హాలు రాజుల కోసం పూతలు పూసిన మందిరం కాదు. ఒక బడిపంతులు కట్టించిన కట్టడం. దాని గొప్పతనం బంగారు పూతలో లేదు, తలుపు అందరికీ తెరిచి ఉండడంలో ఉంది. అలాంటి కట్టడాన్ని బాగుచేయడం అంటే నా లెక్కలో పని రంగస్థలం నుంచి మొదలవ్వాలి. ముఖద్వారానికి రంగులు, లైట్లు తర్వాత. ముందు ఏడాదిలో ఎన్ని రాత్రులు అక్కడ నాటకం పడుతుందో తేల్చాలి. దానికి ఎలాంటి అరుగు కావాలో, ఎంత ఎత్తు కావాలో, హార్మోనియం ఎక్కడ కూర్చోవాలో ఆడేవాళ్లనే అడగాలి. గోడల పని ఇన్నీసుపేట మేస్త్రీలాంటి వాళ్ల చేతిలో పెట్టి, పక్కన నలుగురు కుర్రాళ్లను నిలబెట్టాలి; పనితో పాటు పనితనం కూడా మిగలాలి. అద్దె బడి పిల్లల నాటకానికీ అందేలా ఉండాలి. మొదటి తెలుగు నాటకం ఆడింది బడి పిల్లలే కదా. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పుష్కరాలు వస్తే ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు డబ్బు వస్తుంది. స్నానం చేసిన లక్షలాది మంది సాయంత్రానికి ఎక్కడ కూర్చుంటారో కూడా ఆలోచించే అధికారి ఒక్కడు దొరికితే చాలు.

బాబాయి చాలాసేపు విన్నారు. తర్వాత ఇలా అన్నారు: "సరే, బాగుచేశావు అనుకో. మొదటి రాత్రి ఏం ఆడిస్తావు?"

"వ్యవహార ధర్మబోధిని."

"అందులో పద్యం ఉందా?"

"మాటలేనండి."

"పద్యం లేని నాటకానికి జనం వస్తారుట్రా? గయోపాఖ్యానం పెట్టు. అర్జునుడి వేషంలో ప్రకాశం పంతులు బొమ్మ గుమ్మం దగ్గర పెట్టు. ఎవరు రారో చూద్దాం."

ఆయన మాటలో లెక్క ఉంది. కురుక్షేత్రమో హరిశ్చంద్రో గయోపాఖ్యానమో వేస్తే, పద్యం సగంలో ఉండగానే వన్స్‌మోర్ అరిచే జనం గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. దేవీచౌక్ దానికి సాక్ష్యం. ప్లీడరు నాటకాన్ని ఇవాళ ఆడాలంటే భాష సరిచూసుకోవాలి, నటులకు ఆ కాలపు యాస నేర్పాలి, ఒక దర్శకుడు దాని మీద ఏడాది కూర్చోవాలి. అయినా నేను ఒప్పుకోలేదు. ఆ ఊరు పరాయి పాకలో కూర్చుని తన భాషలో తన కోర్టునే చూసుకున్న నాటకం అది. కొత్తగా తెరిచిన హాల్లో మొదట వినపడాల్సిన గొంతు అదేనని నా పట్టు. రెండో రాత్రి ఆయనకు ఇచ్చేస్తాను, హార్మోనియంతో సహా, తెల్లారేదాకా. కాకినాడ స్టేషన్‌కు దిగబెట్టడానికి వచ్చినప్పుడు కూడా బాబాయి ప్లాట్‌ఫారం మీద ఇదే వాదించారు. మొదటి రాత్రి పద్యమే పడాలని ఆయన, ప్లీడరు నాటకమే పడాలని నేను.